ఆయుధాలు దొరకని దేశంలో పుట్టిన తుపాకి ఆట: ఎయిర్‌సాఫ్ట్ కథ

జపాన్‌లో సామాన్య పౌరుడు పిస్తోలు కొనుక్కోవడానికి చట్టంలో దారి లేదు. క్రీడాపోటీల కోసం అనుమతి పొందే అతి కొద్దిమందిని మినహాయిస్తే, 1958 నాటి తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం ఆ తలుపును పూర్తిగా మూసేసింది. వేటకు షాట్‌గన్ కావాలన్నా పరీక్ష రాయాలి, వైద్యుడి ధ్రువపత్రం తేవాలి, పోలీసులు ఇంటికి వచ్చి చేసే విచారణకు నిలబడాలి. రైఫిల్ కావాలంటే అంతకు ముందు పదేళ్లపాటు షాట్‌గన్ లైసెన్సును ఏ మచ్చా లేకుండా నిలుపుకుని ఉండాలి. అసలు తుపాకిని అచ్చుగుద్దినట్టు పోలి ఉండి, ప్లాస్టిక్ గుండ్లను మాత్రమే విసిరే ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు ఇలాంటి దేశంలోనే పుట్టడం కాకతాళీయం కాదు. ఈ వినోదం చరిత్రను సాధారణంగా యంత్ర పరిజ్ఞానం చరిత్రగా చెబుతుంటారు. కాస్త దగ్గరగా చూస్తే మాత్రం దాదాపు ప్రతి మలుపులోనూ ఏదో ఒక నిషేధమో నియంత్రణో కనిపిస్తుంది. తయారీదారులు కొత్త వస్తువును కనిపెట్టిన ప్రతిసారీ చట్టం ఎక్కడ ఆగిందో చూసుకుని, దానికి అంగుళం ఇవతల ఆగారు.

ముందుగా ఆ వస్తువేమిటో చూడాలి. ఎయిర్‌సాఫ్ట్‌లో వాడే గుండును బీబీ అంటారు. దాని వ్యాసం 6 మి.మీ., సర్వసాధారణమైన బరువు 0.2 గ్రాములు. అంత తేలికైన గుండు సెకనుకు 100 మీటర్ల వేగంతో గొట్టం దాటితే దానిలో ఉండే శక్తి సరిగ్గా ఒక జూల్. చాలా దేశాల్లో ఈ ఆట ఆ ఒక్క జూల్‌కు అటూ ఇటూగానే నడుస్తుంది. 9 మి.మీ. పిస్తోలు నుంచి వెలువడే అసలు తూటా శక్తి సుమారు 500 జూళ్లు ఉంటుంది కాబట్టి, రెంటికీ పోలిక ఆకారంలోనే తప్ప శక్తిలో లేదు. అలాగని ఇది పూర్తిగా నిరపాయకరమని చెప్పడానికీ వీల్లేదు. చర్మంపై ఎర్రటి మచ్చతో సరిపోయే దెబ్బ కంటికి తగిలితే చూపే పోవచ్చు. అందుకే కళ్లను నాలుగు వైపులా మూసే గాగుల్స్ లేకుండా మైదానంలో అడుగు పెట్టనివ్వకపోవడం అన్ని దేశాల్లోనూ మొదటి నియమం.

బీబీలు రావడానికి చాలా ముందే జపాన్‌లో 'మోడల్ గన్' అనే వస్తువు ఉండేది. 1960ల ఆరంభంలో అమెరికన్ సినిమాలు, టీవీ డిటెక్టివ్ కథలు చూసిన పట్టణ యువతకు తుపాకులంటే మోజు పుట్టింది. కొనడానికి మాత్రం అసలు తుపాకి లేదు. ఆ గిరాకీని మొదట గుర్తించిన కంపెనీల్లో ఎంజీసీ ఒకటి. మోడల్ గన్ దేన్నీ కాల్చదు. లోహంతో చేసిన ఆ తుపాకిని విప్పి మళ్లీ బిగించవచ్చు, అసలుదానిలాగే గుర్రాన్ని, అంటే తూటాను పేల్చే సుత్తిని, వెనక్కి లాగవచ్చు, చిన్న టపాకాయ మందుతో చప్పుడు చేయించి ఖాళీ తూటా తొడుగు బయటకు ఎగిరేలా చేయవచ్చు. కొన్నవారిలో ఎక్కువమందికి కావలసింది కూడా గురి కాదు, ఆ యంత్రం పనితీరు. ఎయిర్‌సాఫ్ట్ అభిమానుల్లో నేటికీ కనిపించే విడిభాగాల పిచ్చికి, చిన్న స్క్రూ కూడా అసలుదాన్ని పోలి ఉండాలన్న పట్టుదలకు మూలం అక్కడే ఉంది.

అచ్చం తుపాకిలా ఉండే లోహపు బొమ్మతో బెదిరించి దోచుకోవచ్చని నేరగాళ్లు గ్రహించడానికి ఎంతో కాలం పట్టలేదు. బొమ్మను సానబట్టి నిజంగా కాల్చేలా మార్చే ప్రయత్నాలూ జరిగాయి. దాంతో 1971లో చట్టాన్ని సవరించి, లోహపు పిస్తోలు నమూనాలకు తెలుపో పసుపో రంగు వేయాలని, గొట్టాన్ని పూడ్చేయాలని నిర్దేశించారు. 1977లో మరో సవరణతో లోహపు నమూనాల నిర్మాణం మీదే ఆంక్షలు పెట్టారు. ఈ రెండు దెబ్బలతో లోహపు మోడల్ గన్ ఆకర్షణ సగం పోయింది. పసుపుపచ్చ పిస్తోలును గోడకు తగిలించుకోవాలని ఎవరు మాత్రం కోరుకుంటారు? కానీ రంగు నిబంధన లోహానికే పరిమితం. ప్లాస్టిక్‌తో చేస్తే నల్ల తుపాకి నల్లగానే ఉండవచ్చు. తయారీదారులు ప్లాస్టిక్ వైపు మళ్లారు. తేలికైన ప్లాస్టిక్ ఒంటిలో టపాకాయ మందు కన్నా స్ప్రింగు, గాలి బాగా ఇముడుతాయి. ఎయిర్‌సాఫ్ట్ పుట్టింది ఈ మలుపులోనే.

1970ల చివర, 1980ల తొలి ఏళ్లలో వచ్చిన తుపాకులు చేత్తో స్ప్రింగును లాగి ఒక్కో గుండునే పేల్చేవి. గుండు ఆకారం, కొలత తయారీదారును బట్టి మారేవి. కొన్నింటిలో గుండును ముందుగా చిన్న తొడుగులో పెట్టి ఆ తొడుగును మ్యాగజైన్‌లో, అంటే తుపాకికి బిగించే గుండ్ల పెట్టెలో, ఎక్కించాల్సి వచ్చేది. మోడల్ గన్ అలవాటు ఇంకా వదల్లేదన్నమాట. 6 మి.మీ. గోళాకారపు బీబీ అందరికీ ఉమ్మడి ప్రమాణంగా స్థిరపడ్డాకే తొడుగులు పోయాయి, ఒక మ్యాగజైన్‌లో పదుల కొద్దీ గుండ్లు పట్టాయి. అదే కాలంలో కొనుగోలుదారులు కాగితపు గురిని వదిలి అడవి బాట పట్టారు. రెండు జట్లుగా విడిపోయి, ఎదుటి జట్టు జెండాను పట్టుకోవడమో, ఎదుటివారినందరినీ ఆట నుంచి తప్పించడమో లక్ష్యంగా ఆడే ఈ ఆటను జపనీయులు 'సర్వైవల్ గేమ్' అన్నారు. అమెరికాలో, తగిలితే పగిలి రంగు చిందే గుండ్లతో ఆడే పెయింట్‌బాల్ మొదటి ఆట 1981 జూన్‌లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ వద్ద జరిగింది. ఆడే పద్ధతిలో రెండూ అన్నదమ్ముల్లాంటివే అయినా వాటి మూలాలు వేరు. పెయింట్‌బాల్ తుపాకి చెట్లకు, పశువులకు రంగు గుర్తులు వేసే పనిముట్టు నుంచి వచ్చింది. ఎయిర్‌సాఫ్ట్ తుపాకి అద్దాల బీరువాలో పెట్టుకునే నమూనా నుంచి వచ్చింది. ఒకటి పని కోసం, మరొకటి రూపం కోసం పుట్టడం వల్లే ఈనాటికీ వాటి అభిమానులు వేర్వేరు రకాల మనుషులు.

ఆట మొదలయ్యాక స్ప్రింగును లాగి లాగి ఒక్కో గుండు పేల్చడం ఎవరికీ నచ్చలేదు. 1980ల మధ్యలో గ్యాస్ తుపాకులు వచ్చాయి. పిస్తోళ్లలో గ్యాస్‌ను మ్యాగజైన్‌లోనే నింపేవారు; ఏకధాటిగా కాల్చే పెద్ద తుపాకులకు మాత్రం వీపున మోసే సిలిండరు, దాని నుంచి తుపాకి దాకా సాగే గొట్టం తప్పేవి కావు. అప్పట్లో వాడిన ఫ్రియాన్ గ్యాస్ ఓజోన్ పొరకు చేటని తేలి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాని వాడకానికి ముగింపు పలికింది. పరిశ్రమ ప్రత్యామ్నాయ గ్యాస్‌కు మారింది. పైగా చలికాలంలో గ్యాస్ పీడనం పడిపోయి తుపాకులు మొరాయించేవి. విద్యుత్తు వచ్చి అందుకున్నది ఆ ఖాళీనే.

1991లో టోక్యో మరూయి అనే బొమ్మల కంపెనీ ఫ్రెంచి సైన్యం అప్పట్లో వాడిన ఫామాస్ రైఫిల్ నమూనాలో బ్యాటరీతో నడిచే తుపాకిని విడుదల చేసింది. 1965లో స్థాపించిన ఈ కంపెనీకి అంతకు ముందు ప్లాస్టిక్ బొమ్మలే ప్రధాన వ్యాపారం కావడం గమనించదగ్గది. ఆ తుపాకి లోపలి ఏర్పాటు తెలుసుకుంటే ఆట ఎందుకంత వేగంగా వ్యాపించిందో బోధపడుతుంది. మీట నొక్కగానే బ్యాటరీ నుంచి కరెంటు మోటారుకు చేరుతుంది. మోటారు మూడు పళ్ల చక్రాలను తిప్పుతుంది. వాటిలో చివరి చక్రానికి చుట్టంతా పళ్లుండవు, ఒక పక్కనే ఉంటాయి. పళ్లున్న భాగం పిస్టన్‌ను పట్టుకుని స్ప్రింగును నొక్కుతూ వెనక్కి లాగుతుంది. పళ్లు అయిపోయిన క్షణంలో పట్టు జారి, స్ప్రింగు పిస్టన్‌ను ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. సిలిండరులోని గాలి ఇరుకైన నాళం గుండా దూసుకెళ్లి గుండును నెట్టేస్తుంది. చక్రం ఆగకుండా తిరుగుతుంటే ఈ వరుస సెకనుకు పదిసార్లకు పైగా జరుగుతుంది. ఇందులో గ్యాస్ లేదు, గొట్టం లేదు, చలికి మొరాయించడం లేదు. చక్రాలు, పిస్టన్, సిలిండరు అన్నీ ఒకే లోహపు పెట్టెలో ఇమిడి ఉండడం వల్ల పైన ఏ తుపాకి రూపం కావాలంటే ఆ తొడుగు వేసుకోవచ్చు. 1990లలో మరూయి ఎం16, ఎంపీ5, ఏకే రకాలను వరుసగా దించగలగడానికి కారణం ఆ పెట్టెయే.

దీనితోపాటు స్థిరపడిన మరో ఏర్పాటు పేరు 'హాప్‌అప్'. గుండు కూర్చునే గదిలో పైభాగాన చిన్న రబ్బరు గుబ్బ ఉంటుంది. గాలి తోసినప్పుడు గుండు పైఅంచు ఆ గుబ్బకు రాసుకుని వెనక్కి గిరగిరా తిరుగుతూ బయటపడుతుంది. అలా తిరిగే గోళం పైన గాలి వేగం పెరిగి, కింద తగ్గి, దాన్ని పైకెత్తే బలం పుడుతుంది. ఫుట్‌బాల్‌ను గాలిలో వంపు తిప్పే మాగ్నస్ ప్రభావం ఇదే. ఫలితంగా, శక్తిని ఏమాత్రం పెంచకుండానే గుండు వెళ్లే దూరం గణనీయంగా పెరిగింది. శక్తికి హద్దులున్న దేశంలో దూరాన్ని శక్తితో కాక భ్రమణంతో సాధించడం ఈ పరిశ్రమ చేసిన తెలివైన పనుల్లో మొదటి వరసలో నిలుస్తుంది.

యంత్రం ఎంత మెరుగుపడినా ఒక లోటు తీరలేదు. పెయింట్‌బాల్ గుండు పగిలి బట్టల మీద రంగు మరక మిగులుస్తుంది. బీబీ ఏ గుర్తూ వదలదు. దెబ్బ తగిలిందో లేదో తగిలినవాడికే తెలుసు. అందువల్ల ఆట మొత్తం ఒకే నియమం మీద నిలబడింది: గుండు తగిలిన ఆటగాడు తానే 'హిట్' అని గట్టిగా అరిచి, చేయెత్తి మైదానం వదలాలి. అరవకుండా ఆడేవాడిని జపాన్‌లో 'జాంబీ' అని ఎగతాళి చేస్తారు. నిర్వాహకులు మైదానంలో తిరుగుతూనే ఉన్నా, పొదల మాటున జరిగేదాన్ని ఎవరూ నిరూపించలేరు. సంఘంలో పేరు పోతుందన్న భయమే ఇక్కడ అసలు రిఫరీ. ఇతర ఆటలతో పోలిస్తే ఎయిర్‌సాఫ్ట్‌లో క్లబ్బులకు, ముఖపరిచయాలకు అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో దీనితో అర్థమవుతుంది. పెద్ద బహుమతులు, టీవీ ప్రసారాలతో కూడిన వృత్తిక్రీడగా ఇది ఎదగకపోవడానికీ చాలావరకు ఇదే కారణమనుకోవాలి; డబ్బు పందెంలో ఉన్నప్పుడు ఓడినవాడే ఓటమిని ప్రకటించే పద్ధతి నిలవదు.

జపాన్ దాటిన తొలి అడుగులు హాంకాంగ్, తైవాన్‌లలో పడ్డాయి. మరూయి లోపలి పెట్టె కొలతలను తైవాన్, హాంకాంగ్ తయారీదారులు ప్రమాణంగా తీసుకున్నారు. దాంతో ఒక కంపెనీ పిస్టన్ మరో కంపెనీ తుపాకిలో సరిపోయే పరిస్థితి ఏర్పడింది. ఏ ప్రమాణాల సంస్థా కూర్చుని నిర్ణయించకపోయినా మార్కెట్టే ఒక ప్రమాణాన్ని రాసేసింది. జీ అండ్ జీ, ఐసీఎస్, క్లాసిక్ ఆర్మీ వంటి పేర్లు ఆ దశలో పైకి వచ్చాయి. జపాన్ చట్టానికి తగ్గట్టు ప్లాస్టిక్ ఒంటితో, తక్కువ శక్తితో వచ్చే మరూయి తుపాకులకు భిన్నంగా వీరు లోహపు ఒళ్లు, గట్టి స్ప్రింగులు అమర్చి అమెరికా, ఐరోపా కొనుగోలుదారులను ఆకట్టుకున్నారు. 2000ల మధ్య నాటికి సైమా, జింగ్ గాంగ్ వంటి చైనా కంపెనీలు అదే నమూనాను చాలా తక్కువ ధరకు అందించాయి. అంతదాకా ఉద్యోగస్తుల సరదాగా ఉన్నది హైస్కూలు పిల్లల చేతికి వచ్చింది. మరోపక్క అసలు తుపాకుల కంపెనీలు తమ పేరు, ముద్ర బొమ్మల మీద వాడుకున్నందుకు రుసుము అడగడం మొదలుపెట్టాయి. ఆ హక్కులను కొని పంపిణీ చేయడమే ఫ్రాన్స్‌కు చెందిన సైబర్‌గన్ వంటి సంస్థలకు వ్యాపారమైంది.

అడుగుపెట్టిన ప్రతి దేశమూ ఎయిర్‌సాఫ్ట్‌ను ఒకే ప్రశ్న అడిగింది: ప్రమాదం శక్తిలో ఉందా, రూపంలో ఉందా? జవాబులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి.

జపాన్ శక్తినే కొలిచింది. పరిశ్రమ సంఘాలు తమంతట తాము పెట్టుకున్న పరిమితులతో కొన్నేళ్లు గడిచాయి. 2005లో మార్పులు చేసిన తుపాకులతో రోడ్ల మీద వెళ్లే కార్ల అద్దాలు పగలగొట్టిన ఘటనలు సంచలనం కావడంతో, 2006లో చట్టాన్ని సవరించి చదరపు సెంటీమీటరుకు 3.5 జూళ్ల హద్దు విధించారు. 6 మి.మీ. గుండు అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే అది 0.989 జూల్ అవుతుంది. జపాన్ మైదానాల్లో ఉదయాన్నే ప్రతి తుపాకినీ వేగమాపకం ముందు పెట్టి కాల్చి చూశాకే లోపలికి పంపడం ఆనవాయితీగా మారింది. జర్మనీలో 0.5 జూల్ లోపువి బొమ్మలతో సమానం. అంతకు మించినవి పద్దెనిమిదేళ్లు నిండినవారికే, అవీ ఒక్కో గుండునే కాల్చాలి. దక్షిణ కొరియా హద్దు 0.2 జూల్. అంత తక్కువలో హాప్‌అప్ ఉన్నా గుండు ఎంతో దూరం పోదు.

శక్తిని కొలవడం తేలికే అనిపిస్తుంది గానీ అందులోనూ ఒక మెలిక ఉంది. స్ప్రింగు తుపాకిలో సిలిండరులో పట్టే గాలి పరిమితం కాబట్టి గుండు బరువు మారినా శక్తి పెద్దగా మారదు. గ్యాస్ తుపాకిలోనూ, వీపున సిలిండరు మోసే అధిక పీడన గాలి తుపాకిలోనూ బరువైన గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉండి, ఎక్కువ తోపు అందుకుని, ఎక్కువ శక్తితో బయటపడుతుంది. 0.2 గ్రాముల గుండుతో పరీక్ష గట్టెక్కి, లోపలికెళ్లాక 0.36 గ్రాముల గుండ్లు నింపుకుంటే హద్దు దాటినట్టే. అందుకే చాలా మైదానాలు వేగాన్ని కాక జూళ్లనే లెక్కగడుతున్నాయి, ఆటలో వాడబోయే గుండుతోనే పరీక్ష చేయమంటున్నాయి.

బ్రిటన్ రూపాన్ని పట్టుకుంది. 2006 నాటి హింసాత్మక నేరాల నిరోధక చట్టం అసలుదాన్ని పోలిన నకిలీ తుపాకుల అమ్మకాన్నే నిషేధించింది. సినిమాలు, నాటకాలు, చారిత్రక పునఃప్రదర్శనలతోపాటు బీమా ఉన్న మైదానాల్లో ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఆటగాళ్లకూ మినహాయింపు దక్కింది. కొనేవాడు నిజంగా ఆటగాడేనని దుకాణదారుడికి ఎలా తెలియాలి? దాని కోసం యూకారా అనే వ్యాపార సంఘం ఒక నమోదు పట్టికను నిర్వహిస్తోంది. రెండు నెలలకు తగ్గని వ్యవధిలో కనీసం మూడుసార్లు ఆడినవారికే అందులో చోటు. నమోదు లేనివారు నీలమో ఆకుపచ్చో కొట్టొచ్చినట్టు కనిపించే రంగు తుపాకి కొనుక్కోవచ్చు. 1971లో జపాన్ వేసిన పసుపు రంగే వేరే దారిన తిరిగి వచ్చిందన్నమాట. 2017లో బ్రిటన్ శక్తికీ హద్దులు రాసింది: ఏకధాటిగా కాల్చేవాటికి 1.3 జూళ్లు, ఒక్కో గుండు కాల్చేవాటికి 2.5 జూళ్లు.

అమెరికాలో అసలు తుపాకులు విరివిగా దొరుకుతాయి గనుక నకిలీలకు గిరాకీ ఉండదని ఎవరైనా అనుకోవచ్చు. జరిగింది వేరు. తుపాకుల సంస్కృతి ఉన్నచోట తుపాకి ఆట మరింత వేగంగా అల్లుకుంది. 1988 నాటి సమాఖ్య చట్టం గొట్టం చివర నారింజ రంగు తొడుగును తప్పనిసరి చేసింది. కానీ ఆ తొడుగును చాకుతో ఒలిచేయవచ్చు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో నారింజ తొడుగు లేని ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఉద్యానవనంలో ఉన్న 12 ఏళ్ల నల్లజాతి బాలుణ్ని, కారు దిగిన పోలీసు అధికారి రెండు సెకన్లలోపే కాల్చాడు. బాలుడు మరుసటి రోజు మరణించాడు. అంతకు ముందు ఏడాది కాలిఫోర్నియాలో 13 ఏళ్ల బాలుడు ఏకే నమూనా ఎయిర్‌సాఫ్ట్ తుపాకి కారణంగానే ప్రాణాలు కోల్పోయిన దరిమిలా, ఆ రాష్ట్రం గొట్టం చివరనే కాక మీట చుట్టూ, పట్టు మీద కూడా మెరిసే రంగులు ఉండాలన్న చట్టం తెచ్చింది; అది 2016లో అమల్లోకి వచ్చింది. ఈ మరణాల్లో గుండు శక్తికి ఏ పాత్రా లేదు. జూళ్ల లెక్కతో ఈ ప్రమాదాన్ని ఆపలేరు. చూడగానే తుపాకి అనుకుని కాల్చే పోలీసు పద్ధతిని వదిలేసి బొమ్మ రంగు గురించే చర్చించడం కూడా సమస్యను సగమే చూడడమవుతుంది.

అన్నింటికన్నా విచిత్రమైనది చైనా పరిస్థితి. ప్రపంచ మార్కెట్లో అమ్ముడయ్యే ఎయిర్‌సాఫ్ట్ తుపాకుల్లో చాలావరకు అక్కడే తయారవుతాయి. వాటిని అక్కడి పౌరుడు ఉంచుకుంటే జైలుకు వెళ్లవచ్చు. చదరపు సెంటీమీటరుకు 1.8 జూళ్లు దాటితే చైనా పోలీసుల దృష్టిలో అది ఆయుధమే. జపాన్ హద్దులో ఇది సుమారు సగం. తియాంజిన్ నగరంలో, మన తిరునాళ్లలో కనిపించేలాంటి బెలూన్లు కొట్టే దుకాణం నడుపుకునే ఒక మహిళకు ఈ లెక్క ప్రకారమే 2016 డిసెంబరులో మూడున్నరేళ్ల శిక్ష పడింది. దేశవ్యాప్తంగా నిరసన రేగడంతో తరువాతి నెలలో పై కోర్టు శిక్షను సస్పెండు చేసింది. 2018లో చైనా అత్యున్నత న్యాయస్థానం, ఇలాంటి కేసుల్లో కేవలం శక్తి కొలతనే కాకుండా రూపం, వాడుక, ఉద్దేశం కూడా చూడాలని మార్గదర్శనం చేసింది.

ఈ ఆంక్షల మధ్యే ఆట శాఖోపశాఖలైంది. సైనిక చర్యలను అనుకరిస్తూ రాత్రింబవళ్లు సాగే పెద్ద ఆటలు ఐరోపాలో వేళ్లూనుకున్నాయి. స్వీడన్‌లో జరిగిన బెర్గెట్ అనే అలాంటి ఆటకు పలు దేశాల నుంచి వెయ్యికి పైగా ఆటగాళ్లు వచ్చేవారు. మరో శాఖ షూటింగ్ క్రీడ వైపు వెళ్లింది. తత్సుయా సకాయ్ అనే జపనీయుడు స్వదేశంలో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతోనే సాధన చేసి, 2004లో అమెరికాలో అసలు పిస్తోళ్లతో జరిగిన స్టీల్ చాలెంజ్ పోటీలో విజేతగా నిలవడం ఆ రంగంలో అందరినీ ఆశ్చర్యపరిచింది. గురిపెట్టడం, ఒర లోంచి లాగడం, ఒక లక్ష్యం నుంచి మరోదానికి చూపు మరల్చడం వంటి నైపుణ్యాలకు మందుగుండు అక్కర్లేదని ఆ గెలుపు చూపింది. అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య ఎయిర్‌సాఫ్ట్ పిస్తోళ్ల పోటీలను తన విభాగాల్లో చేర్చుకుని, 2018లో వాటికి ప్రపంచస్థాయి పోటీని హాంకాంగ్‌లో నిర్వహించింది.

భారతదేశంలో ఈ ఆట వేళ్లూనుకోలేదు. 2016 నాటి ఆయుధ నిబంధనల్లో లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకులకు రెండు షరతులున్నాయి: శక్తి 20 జూళ్లు మించకూడదు, గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళాలు, అంటే సుమారు 4.5 మి.మీ., దాటకూడదు. తిరునాళ్లలో బెలూన్లు కొట్టే తుపాకి, షూటింగ్ అకాడమీలో పదిమీటర్ల రైఫిల్ ఈ కొలతల్లో ఇముడుతాయి. ఎయిర్‌సాఫ్ట్ తుపాకి శక్తిలో అందులో ఇరవయ్యో వంతు ఉండవచ్చు గానీ దాని గుండు 6 మి.మీ. కావడంతో ఆ మినహాయింపు దానికి వర్తించదు. ఆ నిబంధన రాసినవారి ముందున్నది గుళికల రైఫిలే తప్ప ప్లాస్టిక్ బీబీ కాదని దీన్నిబట్టి ఊహించవచ్చు. హైదరాబాదులో స్నేహితులు, ఆఫీసు జట్లు వారాంతాల్లో వెళ్లే చోట్ల పెయింట్‌బాల్, గుండ్లకు బదులు కాంతి కిరణాలతో ఆడే లేజర్ ట్యాగ్ ఆ స్థానాన్ని తీసుకున్నాయి. అక్కడ సామగ్రి నిర్వాహకుడిది; ఆడేవాడు గంట లెక్కన డబ్బు కట్టి, ఆట అయ్యాక తిరిగి ఇచ్చేస్తాడు. ఎయిర్‌సాఫ్ట్‌లో తుపాకిని సొంతం చేసుకుని, విప్పి, బిగించి, మార్చుకోవడమే సగం ఆనందం కాబట్టి, సొంతం చేసుకునే వీలు లేనిచోట మైదానాలు వెలిసినంత మాత్రాన అది పెరగదు.